మాట గట్టిగా ఇనబడతాదా?

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కుర్రాళ్ళు నన్ను పట్టుకుని అడుగుతుంటారు. "ఆంటీ, మీరు సెల్‌ఫోన్ల షోరూములో చేశారట కదా! ఈ ఏడాది మోడల్ తీసుకోవచ్చా, పాతదే ఉంచుకోమంటారా?" మధురవాడలో ఇంటికో కంప్యూటర్ ఉద్యోగి ఉంటాడు. ఫోన్ల గురించి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. అయినా అడుగుతారు. అయిదో అంతస్తు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా పాపం. నేను "పాతదే ఉంచుకో నాన్నా" అంటాను. నవ్వేసి వెళ్ళిపోతారు. వారం తిరక్కుండా కొత్త ఫోను చేత్తో పట్టుకుని అదే లిఫ్టులో కనిపిస్తారు. ఈ మాత్రం దానికి నన్నడగడం దేనికో!

అసలు జవాబు లిఫ్టులో చెప్పేంత పొట్టిది కాదు. ఖాళీగా ఉన్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. పాలవాడూ, ఈ లిఫ్టు కుర్రాళ్ళూ తప్ప రోజంతా నాతో మాట్లాడే మనుషులుండరు. పెళ్ళెందుకు చేసుకోలేదని మాత్రం అడక్కండి. అడగాల్సినవాళ్ళు అప్పుడే అడగలేదు.

మాది భీమిలి. బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్‌లో మొదలైంది నా ఉద్యోగం. అద్దాల తలుపు బిగుసుకుపోయి సగమే పడేది. లోపల మాట్లాడేవాళ్ళ ఏడుపులూ, తగువులూ, బతిమాలుకోవడాలూ అన్నీ నా కుర్చీ దాకా వచ్చేవి. బూత్ ఓనరు మొదటిరోజే చెప్పాడు. "సూడమ్మా, ఇనబడినా ఇననట్టుండాల. అదే మన యాపారం." ఆ అలవాటు నాకు ఒంటికి పట్టేసింది. తర్వాత బూత్‌లు మూతపడ్డాయి. నేను గాజువాకలో సెల్‌ఫోన్ల షోరూములో కౌంటరుకి మారి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. అక్కడ పిల్లలు మొదట నన్ను అక్కా అన్నారు, తర్వాత ఆంటీ అన్నారు, చివర్లో చేరినవాళ్ళు అమ్మా అన్నారు. నా ఉద్యోగంలో వచ్చిన అప్‌గ్రేడ్లు ఇవే. 'సార్, మేడమ్' అనీ అనీ నా భాషకి పట్నం నీళ్ళు పట్టాయి గానీ, కోపమొచ్చిందంటే భీమిలి మొత్తం బయటికొచ్చేస్తుంది. కోపం నాకు బేగి వస్తుంది.

నిజం చెప్పుకోవాలంటే, మొదట్లో ఏడాదికో ఫోను మార్చడంలో అర్థముండేది. బటన్లు పోయి అద్దం వచ్చింది. మొహం చూసుకుని మాట్లాడుకునే కెమెరా వచ్చింది. పొద్దున్న పెట్టిన ఛార్జింగు రాత్రిదాకా ఆగడం మొదలైంది. అవన్నీ అమ్మినప్పుడు నాకూ గర్వంగానే ఉండేది. తర్వాత తర్వాత అదే ఉప్మా, పైన జీడిపప్పు ఒకటి ఎక్కువ. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ కంపెనీవాళ్ళు మమ్మల్ని బీచ్‌రోడ్డు హోటల్‌కి తీసుకెళ్ళి ట్రైనింగ్ ఇచ్చేవారు. ట్రైనరు కోటు వేసుకుని వచ్చి ఏం చెప్పినా చివరికి కెమెరా దగ్గరే తేలేవాడు. చందమామని తీస్తుంది, చీకట్లో తీస్తుంది, నీళ్ళలో తీస్తుంది. ఒకసారి ఒళ్ళు మండి లేచి అడిగాను. "సార్, మాట ఎలా వినిపిస్తుంది?" ఆయన నన్ను అదోలా చూసి, "కాలింగా? అది మామూలే కదా మేడమ్" అన్నాడు. మా ప్రమోటర్ పిల్ల, అంటే కంపెనీ తరఫున వాళ్ళ టీషర్టు వేసుకుని మా షోరూములో నిలబడే అమ్మాయి, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టేసింది. "ఊరుకో అక్కా, బఫేలో బిర్యానీ అయిపోతాది" అంది.

ఆ ప్రశ్న నాది కాదు. స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపే ఒకాయనది.

ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయం ఇల్లు. ఇక్కడ క్వార్టర్సులో ఒక్కడే ఉండేవాడు. పిల్లల్లేరు. భార్య మస్కట్‌లో ఒక హాస్టలు వంటగదిలో పని చేసేది. రెండేళ్ళకో అగ్రిమెంటు. ఆవిడకి రాయడం రాదు, కాబట్టి మెసేజీల్లేవు. వీడియో పెడితే ఫోను మొహానికి దూరంగా పట్టుకోవాలి, "మనిషి అవుపిస్తాది గానీ మాట అందదు" అనేవాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే బుర్రలో గీపెడుతుందట. కాబట్టి ఆ మొగుడూ పెళ్ళాల కాపురమంతా ఆయన చెవికి ఆనించుకున్న ఆ ఫోనులోనే ఉండేది. కొత్త మోడల్ వచ్చిన రోజున ఠంచనుగా వచ్చేవాడు. కెమెరా గురించి చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి ఒక్కటే అడిగేవాడు.

"మాట గట్టిగా ఇనబడతాదా మేడమ్?"

పాత ఫోను తిప్పి చూస్తే చెవి దగ్గర పెట్టుకునే సన్నటి జాలీ నల్లగా మూసుకుపోయి ఉండేది. గాజువాక సంగతి మీకు తెలిసిందే. కిటికీ గట్టు మీద, ఆరేసిన బట్టల మీద, పప్పు డబ్బా మూత మీద నల్ల దుమ్మే. ప్లాంటులో చేసేవాళ్ళ ఫోన్లకి ఇంకో గొడవ కూడా ఉంది. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కదా, గాల్లో ఉన్న ఇనప రజనంతా పనిగట్టుకుని వచ్చి అక్కడే అతుక్కుంటుంది. నేను పాత టూత్‌బ్రష్‌తో దాన్ని గోకి శుభ్రం చేసి ఇచ్చేదాన్ని. "ఇదిగో, ఇంక నాలుగు నెలలు బాగుంటుంది" అనేదాన్ని. సంతోషంగా వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి మళ్ళీ మాట తగ్గిపోయిందని వచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి కొత్త ఫోనే కొనేసేవాడు. మా మేనేజరూ, ప్రమోటర్ పిల్లా, నేనూ, ఆయనా, అందరం ఒకే మాట. దుమ్మండీ, అంతా దుమ్ము. ఈ ఊళ్ళో తలనొప్పి వచ్చినా దుమ్మే, కూర మాడినా దుమ్మే.

ఆయన పాత ఫోన్లు మేనల్లుళ్ళకి పంచేవాడు. "ఆలకి బానే ఇనబడతంది మరి, ఏటో" అనేవాడు. అప్పుడైనా మాలో ఒక్కరి బుర్రా వెలగలేదు.

మా షోరూములో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మోడల్ వచ్చిన రోజు మొదట కొన్నవాళ్ళ చేత కేకు కోయించి, బాక్సు చేతికిచ్చి ఫోటో తీసి, ఆ ఫోటో పెద్దది చేయించి గుమ్మం పక్కన తగిలించేవాళ్ళం. మళ్ళీ ఏడాది కొత్త ఫోటో వచ్చేదాకా అది అక్కడే. క్రేనాయన ఎప్పుడూ తెల్లారగానే వచ్చి షట్టర్ ముందు నిలబడేవాడు కాబట్టి ఎక్కువసార్లు ఆయనే మొదటివాడు. కేకు కోసి మొదటి ముక్క నాకు పెట్టేవాడు. నాకు కేకు పెట్టే మనిషి ఏడాదికి ఆయనొక్కడే, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కొత్త ఫోనులోకి పాతవన్నీ ఎక్కించేసరికి గంట పైనే పట్టేది. అంతసేపూ నా కౌంటరు దగ్గర కూర్చుని, నా మొహం వైపే కళ్ళార్పకుండా చూస్తూ కబుర్లు చెప్పేవాడు. ఇంత శ్రద్ధగా నా మాట ఎవరు విన్నారని మురిసిపోయేదాన్ని. ఆ చూపెందుకో తర్వాత తెలిసింది.

ఆ ఏడు కరోనా తగ్గుముఖం పట్టింది గానీ మాస్కులు పోలేదు. మాస్కు దింపితే మేనేజరు అరిచేవాడు. క్రేనాయన ఎప్పట్లాగే ముందుగా వచ్చి, కేకు కోసి, మాస్కు దింపి నవ్వి, ఫోటో దిగి నా ముందు కూర్చున్నాడు. పాత ఫోను తీసి చూశాను. జాలీ తళతళలాడుతోంది. చిన్న రజను కూడా లేదు.

"బాబూ, దీనికి దుమ్ము లేదే! శుభ్రంగా ఉంది" అన్నాను.

"రెండొందల యాబైయారు తీసుకుంతాను మేడమ్, పోనీ" అన్నాడు.

నేనడిగింది స్టోరేజీ గురించి కాదు. పొరపాటుగా విన్నాడేమో అనుకుని మళ్ళీ అడిగాను. "ఫోను డ్యూటీకి పట్టుకెళ్ళట్లేదా?" ఆయన తల ఊపి, "నల్ల రంగే ఇచ్చీండి" అన్నాడు. ఇంతలో టీ వచ్చింది. మాస్కు గడ్డం కిందకి లాగి తాగుతూ, అదే ప్రశ్న ఇంకా మెల్లగా అడిగాను. వెంటనే అందుకున్నాడు. "ఇప్పుడు కేబిన్‌లోకి ఫోన్లు తేనివ్వడం నేదు మేడమ్. లాకర్లో ఎట్టీసి ఎల్తన్నాం."

మాస్కు పైకి లాగాను. "మీ ఆవిడ బావుందా?"

"సరే, కవర్ కూడా ఏసీండి."

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఈయన ఇన్నేళ్ళూ నా మాట వినలేదు, నా పెదాలు చూశాడు. క్రేన్ పైన కూడా అంతేనట. కిందనించి మనిషి చేత్తో సైగ చేస్తాడు, ఈయన కళ్ళతో చూసుకుని బరువు ఎత్తుతాడు, దింపుతాడు. మిల్లు హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఈయనకి వినపడట్లేదని ఎవరికీ తెలీలేదు.

ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుండగానే, సిమ్ము అప్పుడే మార్చిన కొత్త ఫోను మోగింది. భార్య. ఆయన మొహం వెలిగింది. నాకు చూపించి మరీ ఎత్తి, వాల్యూమ్ చివరిదాకా పెంచి చెవికి గట్టిగా అదుముకున్నాడు. కౌంటరుకి ఇవతలున్న నాకు ఆవిడ మాటలు ఒక్కొక్కటీ వినిపిస్తున్నాయి.

"ఇదిగో, మొన్నడిగినదానికి సరే అన్నావు గదా. ఏది సరే? ఒచ్చీమనా, ఉండిపొమ్మనా? ఇయ్యాల సంతకమడుగుతన్నారు. నాకైతే ఒచ్చీవాలనే ఉంది. ఇంక సాలు. నువ్వో మాట సెప్పు."

"ఊఁ, సరే సరే" అన్నాడాయన.

"అదే, ఏది సరే?"

"సరేలే అంతన్నాను గదా."

చెయ్యి చాపబోయాను. ముప్పయ్యేళ్ళ కిందటి బూత్ ఓనరు చెవిలో గొణిగాడు, ఇనబడినా ఇననట్టుండాల అని. చెయ్యి ఆగింది. ఎంతసేపు? ఒక్క ఊపిరి అంతసేపు. మళ్ళీ చాపేసరికి ఆయన మర్యాదగా వేలెత్తి, ఒక్క నిమిషం మేడమ్ అన్నట్టు సైగ చేశాడు.

అవతల ఆవిడ చిన్న గొంతుతో అంది. "అయితే ఉండిపొమ్మంతావు."

"ఊఁ" అన్నాడాయన, నవ్వుతూ.

ఫోను పెట్టేసింది.

మాస్కు లాగి పారేశాను. మేనేజరు అరుస్తున్నాడు, అరుచుకోనీ. ఆయన మణికట్టు పట్టుకున్నాను. "ఏటడిగిందో తెల్సా నీకు?"

"ఏటుంటాది మేడమ్, తిన్నావా అని."

"ఒచ్చీమంతావా ఉండిపొమ్మంతావా అనడిగింది బాబూ! నువ్వు ఉండిపొమ్మన్నావు!"

ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలీక మూతి మీదే ఉండిపోయింది. ఫోను తీసి నొక్కాడు. మోగుతోంది, ఎత్తట్లేదు. మోగుతోందో లేదో కూడా ఆయనకి తెలియదు, నా మొహం చూసి తెలుసుకుంటున్నాడు. ఖాళీ సమయం అయిపోయాక మస్కట్‌లో ఆవిడ దగ్గర ఫోను తీసేసుకుంటారని తర్వాత చెప్పాడు. షోరూము పక్క మెట్ల మీద కూర్చుని ఆ మధ్యాహ్నమంతా నొక్కుతూనే ఉన్నాడు. నేను కస్టమర్లని వదిలేసి మధ్య మధ్యలో వెళ్ళి పక్కన కూర్చున్నాను. ప్రమోటర్ పిల్ల నా కౌంటరు కూడా తనే చూసుకుంది, ఒక్క ప్రశ్న వెయ్యకుండా.

"వినపడనప్పుడు మళ్ళీ చెప్పమనొచ్చు కదయ్యా!" అని కసిరాను. నాకు ఏడుపొస్తే కోపంలా వస్తుంది.

"మొదట్లో అడిగీవోణ్ణి అప్పా." అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి అప్పా అన్నాడు, మా వైపు అప్ప అంటే అక్క. "ఒకసారడిగితే సెప్తాది. రెండోసారడిగితే ఇసుక్కుంతాది. మూడోసారడిగితే ఏటీ నేదులే అని ఎట్టీస్తాది. అదే భయం. సరే అంటే ఇంకాసేపు మాటాడతాది. ఏటి మాటాడతందో తెలకపోయినా, మాటాడతందని తెలస్తాది గదా."

"డాక్టరుకి చూపించుకోలేదేం?"

"క్రేన్ మీంచి దింపీస్తారప్పా. ఫోను మారిస్తే ఎవరికీ తెల్దు."

అంటే ఏడాదికో కొత్త ఫోను మేం అమ్మాం, ఆయన మందులాగా కొనుక్కున్నాడు. కొత్తది కొన్న రెండు వారాలు నిజంగానే బాగా వినిపించేదట. ఆశ అలాంటిది.

సాయంత్రం ఆవిడే చేసింది. ఫోను నేను తీసుకున్నాను. ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుని నా పెదాలు చూస్తున్నాడు. "అమ్మా, నేను షోరూము ఆవిణ్ణి. మీ ఆయనకి చెవులు వినపడవు. ఇన్నాళ్ళూ నీ మాట ఒక్కటీ సరిగ్గా వినలేదు. మనసు లేక కాదు. ఇప్పుడు చెబుతున్నాడు, వచ్చెయ్యమంటున్నాడు." అవతల వంటగిన్నెల చప్పుడులోంచి ఆవిడ అంది. "నామీద మనసిరిగిపోనాదనుకున్నానమ్మా. ఊఁ, సరే, ఊఁ, సరే. అదే గదా. సంతకం ఎట్టీసినాను."

నేను ఆయన వైపు తిరిగి ఆ మాట చెప్పాలి. చెప్పాను.

"మళ్ళీ సెప్పప్పా" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. మళ్ళీ చెప్పాను. సంతకం పెట్టేసింది, రెండేళ్ళు.

ఆ ఏడాదంతా గుమ్మం పక్కన ఆయన ఫోటోయే ఉంది. కేకు, బాక్సు, నవ్వు. ఫోను మోగడానికి ముందు తీసింది. పొద్దున్నే షట్టరెత్తి లోపలికెళ్ళేటప్పుడు ఆ నవ్వు చూడలేక తల దించుకుని వెళ్ళేదాన్ని. తీసెయ్యమని మేనేజర్ని అడిగితే, "ఎందుకు మేడమ్, ఎంత నేచురల్‌గా ఉన్నాడో!" అన్నాడు.

తర్వాత ఆయన తనంతట తానే ఆసుపత్రికి వెళ్ళాడు. చెవికి మిషను పెట్టారు. క్రేన్ మీంచి దింపి కింద ఆఫీసులో కూర్చోబెట్టారు. "పైనుంటే ఊరంతా మనదే అన్నట్టుండీది అప్పా, కింద ఏటున్నాది, కుర్చీ" అన్నాడు. మళ్ళీ ఏడాది కొత్త మోడల్ వచ్చిన రోజున వచ్చాడు, కొనలేదు. నేనూ అడగలేదు. "ఏటొచ్చింది ఈ ఏడు కొత్తగా?" అన్నాడు. "కెమెరా" అన్నాను. ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం.

నేను రిటైరైంది కూడా అలాంటి రోజే. వీడ్కోలుకి వేరే కేకు దేనికని ఉన్నదే నా చేత కోయించారు. దాని మీద నా పేరు లేదు, మోడల్ పేరుంది. క్రేనాయన భార్య రెండేళ్ళకి వచ్చేసింది. ఇద్దరూ కొత్త మోడల్ వచ్చిన రోజున నాకు ఫోను చేస్తారు. కొత్తగా ఏటొచ్చిందని ఆయన అడుగుతాడు, కెమెరా అని నేను చెబుతాను. ఏడాదికి నాకు కేకు లేకపోయినా ఆ ఫోనైతే వస్తుంది.

ఈమధ్య నా ఫోనులో మాట తగ్గింది. పాత టూత్‌బ్రష్ తీసి జాలీ గోకాను. ఏమీ రాలేదు. మధురవాడ దాకా ఆ దుమ్ము రాదు కదా. కొత్తది కొందామని మా వీధి చివర షోరూముకి వెళ్ళి, కౌంటర్లో పిల్లని అడిగాను, మాట గట్టిగా వినిపిస్తుందా అని. "కెమెరా చూడండి ఆంటీ, సూపరుంది" అన్నట్టుంది. ఆ అమ్మాయి అటు తిరిగి మాట్లాడుతోంది, నాకు పెదాలు కనపడలేదు. నేను ఇటుగా జరిగి, ఆ అమ్మాయి మొహం వైపే కళ్ళార్పకుండా చూస్తున్నానని నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఫోను కొనకుండా వచ్చేశాను. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. వెళ్తాను.

కాబట్టి లిఫ్టు కుర్రాళ్ళూ, ఏడాదికో ఫోను కొనాలా వద్దా అంటే నా జవాబు ఇదే. ఫోన్లు ఎప్పుడో బాగుపడిపోయాయి.

మొన్న కొత్త మోడల్ వచ్చింది. ఫోను మోగింది. ఈసారి మాట్లాడింది ఆయన కాదు, ఆవిడ. గొంతు గుర్తుపట్టాను, మాటలు అందలేదు. సంతోషంగా ఏదో చెప్పింది. ఆదివారం అన్న మాట ఒక్కటే తెలిసింది. చివర్న ఏదో అడిగి ఆగింది. మళ్ళీ చెప్పమ్మా అందామని నోటిదాకా వచ్చింది. విసుక్కుని పెట్టేస్తుందేమోనని భయమేసింది.

"ఊఁ, సరే" అన్నాను.

ఇవాళ ఆదివారం. దేనికి ఒప్పుకున్నానో ఆ ప్రభువుకే తెలియాలి. చర్చికి కూడా వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చున్నాను. ఇద్దరికి సరిపడా ఎక్కువే వండాను. బెల్లు కొడితే నాకు వినిపించదేమోనని తలుపు తీసే ఉంచాను.